నీహారికకు రంగుల కేటాయింపు

హైమవతి చేసిన తప్పల్లా దరఖాస్తులో ఒక గడిని నిజంతో నింపడం. ఆ గడిలో అడ్డగీత గీసి వదిలేసినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. "అవును" అని ఒక్క ముక్క రాసి ఉంటే రాష్ట్రమంతా ఆమెను మెచ్చుకునేది. కానీ పంతొమ్మిదేళ్లుగా ఆమె రాళ్లదిన్నె ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతోంది. ప్రయోగశాలలో ముల్లు ఎక్కడ ఆగితే అక్కడి అంకే రాయాలి తప్ప పుస్తకంలో ఉన్న అంకె రాయకూడదని ఏటా కొత్త బ్యాచికి మొదటిరోజే చెప్పే మనిషి. ఆ అలవాటే కొంప ముంచింది.

రాళ్లదిన్నెలో వానలు తక్కువ. మబ్బు కనిపిస్తే జనం వీధిలోకొచ్చి చూస్తారు. ఊరంతా మబ్బు కోసం ఎదురుచూస్తుంటే, తనొక్కతే మబ్బు రాకూడదని కోరుకుంటున్నందుకు హైమవతికి లోలోపల సిగ్గుగా ఉండేది. ఆమెకు ఆకాశాన్ని ఫొటోలు తీసే పిచ్చి ఉంది. కాలేజీ క్వార్టర్సు డాబామీద ఒక చిన్న టెలిస్కోపు బిగించి, దానికి కెమెరా తగిలించి, చలికాలమంతా గులాబీ నీహారిక అనేదాన్ని ఫొటో తీసింది.

నీహారిక అంటే బ్రహ్మాండమైన వాయువుల మేఘం. మధ్యలో కొత్తగా పుట్టిన నక్షత్రాల వేడికి ఆ వాయువులు వెలుగుతాయి. ఒక్కో వాయువు ఒక్కో రకం వెలుగిస్తుంది. హైమవతి దగ్గర రూపాయి బిళ్లంత గాజు ఫిల్టర్లు మూడుండేవి. ఒకటి హైడ్రోజను వెలుగును మాత్రమే కెమెరాలోకి పంపుతుంది, ఒకటి గంధకానిది, ఒకటి ఆక్సిజనుది. వీధి దీపాలనూ వెన్నెలనూ మూడూ బయటే ఆపేస్తాయి. పదకొండు రాత్రులు తీస్తే మూడు ఫొటోలు తేలాయి. మూడూ నలుపు తెలుపులే. అప్పుడామె గంధకానికి ఎరుపు, హైడ్రోజనుకు ఆకుపచ్చ, ఆక్సిజనుకు నీలం ఇచ్చి మూడింటినీ ఒకదానిమీద ఒకటి కలిపింది. అంచులంతా బంగారంలా మెరుస్తూ, నడుమ నెమలికంఠం రంగు లోయతో ఒక పెద్ద పువ్వు విచ్చుకుంది. దాన్ని చూసిన రాత్రి ఆమె అన్నం తినడం మరిచిపోయింది.

ప్రిన్సిపాల్ ఇమ్మానుయేల్ గారు దాన్ని ఫ్రేము కట్టించి కాలేజీ వరండాలో వేలాడదీయించారు. సరిగ్గా అప్పుడే రాజధానిలోని రాష్ట్ర ఖగోళ పర్యాటక ప్రోత్సాహక సంస్థ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. నీళ్లు లేని మండలాలకు ఆకాశమైనా ఉంది కనక, ఆ ఆకాశాన్ని చూపించి యాత్రికులను రప్పించాలని ప్రభుత్వం తలపెట్టిందట. అందుకు ముందుమెట్టుగా ఒక క్యాలెండరు. అట్టమీదకు మంచి ఫొటో కావాలి. ప్రిన్సిపాల్ గారు పంపించారు, ఫొటో ఎంపికైంది, వెనకాలే ఇరవైరెండు గడుల దరఖాస్తు వచ్చింది.

పద్నాలుగో గడి ఇలా అడిగింది: "ఛాయాచిత్రమందలి రంగులు సహజమైనవేనా? కానిచో వివరము."

హైమవతి ఇలా రాసింది: "కావు. రంగులు నేను కేటాయించినవి."

ఇమ్మానుయేల్ గారు అది రెండుసార్లు చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, అవునని రాసేస్తే ఎవరికీ నష్టం లేదు కదమ్మా అన్నారు. నిజం రాసినా నష్టం లేదు కదా సార్ అంది హైమవతి. ఆయన చాలాకాలంగా ప్రభుత్వోద్యోగంలో ఉన్నారు కాబట్టి ఆ మాటకు జవాబు చెప్పకుండా సంతకం పెట్టారు.

సంస్థలో ఆ దరఖాస్తు డిప్యూటీ డైరెక్టర్ శేషావతారం గారి బల్లమీదకు చేరింది. ఆయన అంతకుముందు ఇరవై ఏళ్లు క్వార్టర్ల కేటాయింపు, దుకాణాల కేటాయింపు, శ్మశాన స్థలాల కేటాయింపు చూసిన మనిషి. ఉత్తర్వు లేకుండా కేటాయింపు జరిగితే దాన్ని ఆక్రమణ అంటారని ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. రెండు వారాల్లో రాళ్లదిన్నెకు మెమో వచ్చింది.

"రాష్ట్ర పరిధిలోని ఆకాశమున నెలకొనియున్న సదరు నీహారిక యందలి వాయువులకు తాము ఏ అధికారమును పురస్కరించుకొని రంగులు కేటాయించితిరో, అట్టి కేటాయింపునకు ముందు ఎవరి అనుమతి పొందితిరో, మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనిచో తమకు చెప్పుకొనదగినది ఏమియు లేదని భావించి తదుపరి చర్య గైకొనబడును."

హైమవతి చదివి నవ్వింది. ఇమ్మానుయేల్ గారు నవ్వలేదు. "మెమో వచ్చాక నవ్వకూడదమ్మా, జవాబు రాయాలి," అన్నారు.

ఆమె నాలుగు పేజీల జవాబు రాసింది. అసలు హైడ్రోజను వెలుగూ గంధకం వెలుగూ రెండూ ఎరుపే. రెండింటికీ ఎరుపే వేస్తే ఏది ఎక్కడుందో కంటికి తెలియదు. అందుకే ఒకదానికి ఆకుపచ్చ ఇస్తారు. లోకంలో ఖగోళ ఫొటోలు తీసేవాళ్లు చాలామంది ఇలాగే చేస్తారు. ఇది మోసం కాదు, విడమరిచి చూపడం. పాఠం చెప్పినట్టు ఓపికగా, బొమ్మలు గీసి మరీ రాసింది. అది రెండో తప్పు.

రాజధానికి పిలుపొచ్చింది. శేషావతారం గారు ఆమెను మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, నాలుగు పేజీల జవాబులో ఎర్ర పెన్సిలుతో గీత పెట్టిన చోటు చూపించారు.

"హైడ్రోజను అసలు రంగు ఎరుపని మీకు తెలుసు."

"తెలుసండీ."

"తెలిసి కూడా రికార్డులో ఆకుపచ్చ అని చూపించారు."

"గంధకానికీ దానికీ తేడా తెలియడానికండీ."

"తేడా తెలియడానికి రికార్డులు దిద్దరు మేడమ్," అన్నారాయన బాధగా. "అలా అయితే మా ఆఫీసులో ఒక్క ఫైలూ మిగలదు."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆమెమీద కోపమూ లేదు. ఇదంతా విధానానికి సంబంధించిన విషయమనీ, ఇవాళ ఒక లెక్చరరు హైడ్రోజనుకు ఆకుపచ్చ ఇస్తే రేపు ఇంకొకరు చంద్రుడికి ఊదా ఇస్తారనీ, ఎక్కడో ఒకచోట గీత గియ్యాలనీ చెప్పారు. గీత గియ్యడానికి కమిటీ పడింది. దాని పేరు ఖగోళ వస్తువుల రంగుల కేటాయింపు కమిటీ. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన అప్పలాచార్యులు గారు ఛైర్మన్. పేరులో గులాబీ ఉంది కనక ఉద్యానవనాల నుంచి ఒకరు, రంగులున్నాయి కనక అద్దకం వాళ్ల నుంచి ఒకరు, వాయువులున్నాయి కనక గ్యాసు బండల విభాగం నుంచి ఒకరు సభ్యులు. హైమవతిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. అంటే పిలిచినప్పుడు రావాలి, అడిగినప్పుడే మాట్లాడాలి.

మొదటి సమావేశంలో ఏ వాయువు ముందు రంగు కోరుకోవాలన్న ప్రశ్న వచ్చింది. సీనియారిటీ ప్రకారం పోవాలన్నారు అప్పలాచార్యులు గారు. ఎవరు సీనియరని హైమవతిని అడిగారు. హైడ్రోజను విశ్వం మొదట్లోనే పుట్టిందనీ, ఆక్సిజనూ గంధకమూ ఆ తర్వాత నక్షత్రాల కడుపులో తయారయ్యాయనీ ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. హైడ్రోజను నేరుగా చేరిన ఉద్యోగి అనీ, తక్కిన రెండూ ప్రమోషన్ మీద వచ్చినవనీ మినిట్సులో రాసుకున్నారు. ఆక్సిజను అత్యవసర సేవ కిందికి వస్తుంది కాబట్టి దానికి మినహాయింపు ఉండాలని గ్యాసు బండల సభ్యుడు పట్టుబట్టాడు. ఆ వాదన భోజనాల దాకా సాగింది.

భోజనాల తర్వాత, ఈ మూడూ కాక అక్కడ ఇంకేమైనా వాయువులున్నాయా అని అద్దకం సభ్యురాలు ఊరికే అడిగింది. నైట్రోజను కూడా ఉందని హైమవతి చెప్పింది. దాని వెలుగు హైడ్రోజను వెలుగుకు ఆనుకునే ఉంటుందనీ, తన ఫిల్టర్లోంచి రెండూ కలిసే వస్తాయనీ అంది.

"అంటే హైడ్రోజను పేరుమీద ఇచ్చిన రంగును నైట్రోజను అనుభవిస్తోందన్నమాట," అన్నారు ఛైర్మన్ గారు మెల్లగా.

సర్వే శాఖలో ఆయన ముప్పై ఏళ్లపాటు చూసిన పాపాల్లో పెద్దది అదే. నైట్రోజనుకు నోటీసు ఇవ్వాలని తీర్మానించారు. నోటీసు అందజేసే వీలు లేకపోతే వాయువు చివరిసారి కనిపించిన చోట అంటించాలని నిబంధన. అందుకని క్వార్టర్సు డాబా గోడమీద అంటించారు.

ఆ తర్వాత ప్రజల నుంచి అభ్యంతరాలు కోరారు. నెల తిరక్కముందే మూడు వేల పైచిలుకు వచ్చాయి. లోకంలో ఏ రంగైనా ఎవరిదో ఒకరి జెండాలో ఉంటుంది. నీహారికలో ఫలానా రంగు ఎక్కువైందని ఒక వర్గం, తక్కువైందని అదే రంగు జెండా వర్గం రాశాయి. నడుమ లోతుగా ఉన్నచోట నీలం వెయ్యడం నీలాన్ని కించపరచడమే అని ఒకరు, ఎరుపును అంచులకు నెట్టేశారని ఒకరు రాశారు. రాళ్లదిన్నెకు పన్నెండు మైళ్ల దూరంలోని ఒక పల్లె నుంచి ఒకావిడ పోస్టుకార్డు రాసింది. అందులో అభ్యంతరం లేదు. అక్కడ నీళ్లున్నాయా అని మాత్రం అడిగింది. హైడ్రోజనూ ఆక్సిజనూ రెండూ ఉన్నాయి కనక ప్రశ్న సబబైనదే అని హైమవతికి తోచింది, జవాబు రాస్తానంది. విషయానికి సంబంధం లేనిదని చెప్పి ఆ కార్డును పక్కన పెట్టించారు.

ఏ కేటాయింపుకైనా ముందు స్థల పరిశీలన జరగాలి. ఏప్రిల్లో ఒక మంగళవారం కమిటీ రెండు జీపుల్లో రాళ్లదిన్నెకు వచ్చింది. ఆఫీసు వేళలు పదింటి నుంచి అయిదింటి దాకా కాబట్టి మధ్యాహ్నం మూడుంబావుకు డాబా ఎక్కారు. కాళ్లు కాలుతుంటే గోనెపట్టాలు పరిచారు. ఛైర్మన్ గారు చేత్తో నీడ పట్టుకుని పైకి చూసి, సదరు నీహారిక ఎక్కడని అడిగారు.

హైమవతి తూర్పువైపు, నీళ్ల ట్యాంకుకు బాగా పైన, ఖాళీగా ఉన్న నీలాన్ని వేలితో చూపించింది. అబద్ధం కాదు, ఆ గంటలో అది సరిగ్గా అక్కడే ఉంది. ఎండలో కనిపించదండీ అంది. పోనీ చీకటి పడ్డాక కనిపిస్తుందా అని ఆయన అడిగారు. కంటికైతే అప్పుడూ కనిపించదు, కెమెరా గంటల తరబడి వెలుగు పోగుచేస్తేనే తెలుస్తుందని ఆమె చెప్పింది.

పంచనామా రాయడానికి ఊరి వీఆర్వో ఎర్రిస్వామిని పిలిపించారు. ఎన్నో పొలాలకు రాసిన చేయి, తడుముకోకుండా రాసింది. చెక్కుబందీ: తూర్పున నీళ్ల ట్యాంకు, పడమర సూర్యుడు, ఉత్తరాన కరెంటు తీగ, దక్షిణాన ఏమీ లేదు. పై హద్దుల నడుమ పంచుల సమక్షంలో క్షుణ్ణంగా పరిశీలించగా సదరు నీహారిక స్థలంలో లేదు. కాలేజీ వాచ్‌మనూ, గేటు దగ్గర బజ్జీలు వేసే ఆయనా సాక్షులుగా సంతకాలు పెట్టారు.

లేని నీహారికను ఉన్నట్టు చూపించి, దానిలోని వాయువులకు అనధికారంగా రంగులు కేటాయించిన అభియోగం మీద ఆ సాయంత్రమే హైమవతిని విచారణ పూర్తయ్యేదాకా సస్పెండ్ చేశారు. టెలిస్కోపును తాడుతో కట్టి జీపెక్కించారు. ఫిల్టర్లు మూడింటినీ ఒక గుడ్డలో చుట్టి, లక్క కరిగించి సీలు వెయ్యమన్నారు. హైమవతి వేడి తగిలితే గాజుమీది పూత పోతుందని, వేలిముద్రలు పడనివ్వొద్దని బతిమాలింది. ఎర్రిస్వామి వాటిని అంచులు మాత్రమే పట్టుకుని, పసిపిల్ల గోళ్లు తీసేంత జాగ్రత్తగా చుట్టాడు. పెద్దవాళ్లు కిందికి దిగాక గొంతు తగ్గించి అన్నాడు:

"నేను చేన్లో పండుకునేవాన్ని మేడమ్. పైన శానా ఉంటాయని నాకు తెలీదా? రాయమన్నారు, రాసినా."

సస్పెన్షనంటే ఊరు వదిలి పోకూడదు, కాలేజీలో పాఠం చెప్పకూడదు. హైమవతి రోజూ వచ్చి స్టాఫ్ రూములో రిజిస్టరులో సంతకం పెట్టి, బల్ల ముందు కూర్చుని, పక్క గదిలో తన క్లాసు పిల్లలు కాంతి పాఠం లేక పద్యాలు బట్టీ పడుతుంటే వినేది. నాలుగైదు రోజులు కోపం వచ్చింది. తర్వాత అనుమానం మొదలైంది. ఎవరూ చూడలేని దాన్ని తనొక్కతే చూశానంటే ఎవరైనా ఎందుకు నమ్మాలి అనిపించేది. ఆ ఆలోచన ఆమెను సస్పెన్షన్ కంటే ఎక్కువ బాధపెట్టింది. వరండాలో ఫ్రేమును తీసేసినచోట గోడ తెల్లగా మిగిలింది. ఇమ్మానుయేల్ గారు అటు వెళ్లినప్పుడల్లా తలవంచుకుని నడిచేవారు.

ఇంతలో అసలు చిక్కు వచ్చింది. క్యాలెండరు అట్టమీద గులాబీ నీహారిక వస్తుందని మంత్రిగారు అప్పటికే మూడు సభల్లో చెప్పేశారు. చెప్పినదాన్ని తియ్యడానికి వీల్లేదు, లేనిదాన్ని వెయ్యడానికి వీల్లేదు. శేషావతారం గారు రెండు రోజులు సెలవు పెట్టి ఆలోచించి దారి కనిపెట్టారు. పంచనామాకు భంగం కలగకుండా, కేవలం క్యాలెండరు నిమిత్తం మాత్రమే సదరు నీహారిక ఉన్నట్టుగా పరిగణించవచ్చునని ఉత్తర్వు ఇప్పించారు.

ఇక రంగులు మిగిలాయి. పంతొమ్మిదో సమావేశంలో కమిటీ, అభ్యంతరం రాని రంగు ఏదైనా ఉందా అని వెతికింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, కాషాయం, గులాబీ, ఊదా అన్నిటికీ ఫైళ్లున్నాయి. నలుపు నిరసన బ్యాడ్జీలది. తెలుపు చావు ఇళ్లది. చివరికి బూడిద రంగు దొరికింది. దానిమీద ఎవరూ కన్నెయ్యలేదు. సీనియారిటీ గొడవ లేకుండా మూడు వాయువులకూ సమానంగా బూడిద రంగే ఇచ్చారు. నైట్రోజను నోటీసుకు బదులివ్వకపోయినా ఉదారంగా దానికీ అదే ఇచ్చారు. వాయువులకు ఇచ్చి చుట్టూ ఉన్న ఆకాశానికి ఇవ్వకపోతే పక్షపాతం అవుతుంది గనక దానికీ, నక్షత్రాలకూ కూడా బూడిదే.

క్యాలెండరు ఆవిష్కరణ రాజధానిలో పెద్ద హాల్లో జరిగింది. హైమవతికీ ప్రిన్సిపాల్ గారికీ ముందు వరసలో కుర్చీలు వేశారు. సభ మొదలయ్యే ముందు శేషావతారం గారు వాళ్లిద్దరినీ పక్క గదిలోకి తీసుకెళ్లి ఒక కాగితం ఆమె ముందు పెట్టారు. అట్టమీది ఛాయాచిత్రంలో ఉన్నవి గులాబీ నీహారిక సహజ రంగులే అని ధ్రువీకరిస్తూ ఆమె సంతకం పెట్టాలి. పెడితే సస్పెన్షన్ రద్దు, టెలిస్కోపూ ఫిల్టర్లూ వెనక్కి, పైగా సన్మానం. పక్కనే అట్ట ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే బూడిద. ఎక్కడా ఒక గీత లేదు, చుక్క లేదు.

ఇమ్మానుయేల్ గారు ఆమె మొహంలోకి చూడలేకపోయారు. ఒక్క గడిలో అవునని రాయనందుకు ఇంత భరించిన మనిషి ఇప్పుడేం చేస్తుందోనని ఆయన భయం.

హైమవతి అట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. టెలిస్కోపు కొన్న మొదటి ఏడాది, ఫిల్టరూ కెమెరా ఏదీ లేకుండా వట్టి కన్ను టెలిస్కోపుకు ఆనించి గంటసేపు అదే చోట చూసింది ఆమె. ఏమీ కనిపించలేదు. కన్ను అలిసిపోయాక, ఉందో లేదో తెలియని బూడిదలాంటి మసక. లోకంలో ఇప్పటిదాకా వచ్చిన నీహారిక ఫొటోలన్నిట్లో మనిషి కంటికి కనిపించేదానికి ఇంత దగ్గరగా ఉన్నది ఇంకొకటి లేదు.

ఆమె కలం తీసి సంతకం పెట్టింది. ఇమ్మానుయేల్ గారు కారణమడిగితే, ఉన్నమాటే కదండీ రాసిందీ అంది.

మంత్రిగారు తాడు లాగారు. తెర తొలగింది. ఎనిమిదడుగుల బూడిద పలక బయటపడింది. ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలెట్టారు, ఆ తర్వాత వెనక వరసల వాళ్లకు ఆగడానికి ధైర్యం చాలలేదు. విశ్వం ఇంత నిరాడంబరంగా ఉంటుందని తాను చిన్నప్పుడే ఊహించానని మంత్రిగారు అన్నారు. హైమవతి భుజాల మీద శాలువా కప్పారు. అప్పలాచార్యులు గారి కమిటీ గడువును ఇంకో మూడేళ్లు పొడిగించారు, ఇంద్రధనుస్సు విషయం తేల్చడానికి.

భోజనాల దగ్గర శేషావతారం గారు పళ్లెం పట్టుకుని ఆమె పక్కకు వచ్చి నిలబడ్డారు. కాసేపు పులిహోర బాగుందన్నారు. తర్వాత, తమరి మొదటి దరఖాస్తుతో వచ్చిన ఫొటో ఉంది చూశారూ, ఆ బంగారు అంచులది, అది ఫైల్లో ఉన్నన్నాళ్లూ రోజుకోసారి తీసి చూసుకునేవాడినని చెప్పారు. ఇప్పుడది రికార్డు రూముకు వెళ్లిపోయిందట. ఇంట్లో హాల్లో పెట్టుకోడానికి ఒక కాపీ కావాలట.

హైమవతికి ఆయనమీద ఉన్న కోపమంతా ఒక్కసారి సడలిపోయింది. తప్పకుండా పంపిస్తానంది. రంగులు అవే ఉంచనా, మార్చమంటారా అని అడిగింది.

"అయ్యో, నన్నడుగుతారేం మేడమ్. రంగులు వెయ్యాల్సింది మీరే కదా. మీకు ఎలా తోస్తే అలా," అన్నారాయన మనస్ఫూర్తిగా.

"ఆ మాట ఒక కాగితం మీద రాసి ఇస్తారా?"

శేషావతారం గారు అటూ ఇటూ చూశారు. పళ్లెంలో పులిహోరను చెంచాతో ఒకవైపుకు జరిపారు, మళ్లీ ఇవతలికి జరిపారు.

"అయితే వద్దులెండి," అని చేయి కడుక్కోడానికి వెళ్లిపోయారు.